లిఫ్టు మీద పడ్డ నింద

ఈ సంగతి మా బంధువుల్లో కనీసం పదిమందికి మొదటి నుంచి చివరిదాకా చెప్పబోయాను. ఒక్కరూ సగం దాటి వినలేదు. ‘లిఫ్టు’ అన్న మాట నా నోటి నుంచి రాగానే కొందరు నవ్వుతారు. కొందరు మా బావ కుడిచేతి వేలి వంక చూస్తారు. మిగిలినవాళ్లు వడ్డన మొదలైందా అని లోపలికి తొంగిచూస్తారు. మా అక్కయితే లేచి వెళ్లిపోతుంది. ఆరేళ్లుగా ఇదే వరస. నోటితో చెబితే ఆపుతున్నారు కాబట్టి కాగితం మీద పెడుతున్నాను. కాగితాన్ని మధ్యలో ‘ఇంకాపు’ అనడం కుదరదు.

నేను నర్సీపట్నంలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్సు ల్యాబు చూసేవాణ్ణి. పరికరాలు తీసి బల్లల మీద పెట్టడం, పాడైనవి బాగుచేయడం, బీరువాలో సర్దడం నా పని. నలభై దాటాక కూడా నన్ను ‘ల్యాబు అబ్బాయి’ అని పిలిచిన లెక్చరర్లు ఇద్దరున్నారు. వాళ్లెవరో వాళ్లకు తెలుసు, నాకూ గుర్తుంది. బరువు ఎక్కడ మోపాలి, మీట ఎక్కడ పట్టాలి, మర ఎంత తిప్పాలి అనేవి మాత్రం ఆ ల్యాబులో వాళ్లకంటే నాకే బాగా తెలిసేవి.

తొంభైల మధ్యలో అడవిశాఖలో పనిచేసి రిటైరైన ఒకాయన దగ్గర పాత మోటారు సైకిలు కొన్నాను. మంచి బండి, బరువైన బండి. దాన్ని సెంటర్ స్టాండు వెయ్యాలంటే కాలితో తొక్కి, నడుము బలంతో వెనక్కి లాగాలి. ఒకరోజు ఉదయం అలా లాగుతుండగా నడుములో ఏదో కలుక్కుమంది. మూడు వారాలు చెక్కబల్ల మీద పడుకున్నాను. వంగకూడదు, గొంతుక్కూర్చోకూడదు అన్నారు డాక్టరుగారు. బండి ఉన్నవాడికి ఇవి రెండూ చెయ్యకుండా ఎలా కుదురుతుందని అడిగాను. ఆయన తరవాతి రోగిని పిలిచారు.

కాబట్టి మెకానిక్కు దగ్గరికి వెళ్లాను. బస్సు కాంప్లెక్సు దగ్గర ఉండేవాడు. పది గంటలకు వెళ్తే మూడింటి వరకు స్టూలు మీద కూర్చోబెట్టాడు. నా తరవాత వచ్చిన ఏడు మోపెడ్లు చేసి పంపాడు. ఏడూ లెక్కపెట్టాను. “మీది పెద్ద బండండీ, తాపీగా సెయ్యాల” అన్నాడు. తాపీగా చేసిందేమిటంటే, గోనెసంచి పరిచి బండిని పక్కకు పడుకోబెట్టాడు. పెట్రోలు కాలవలోకి కారింది. బ్యాటరీ ఆసిడ్ చైను కవరు మీద పడి రంగు ఉబ్బింది. ఇదేమిటయ్యా అంటే, “బండి పడుకుంటే ఏటవుద్దండీ, మనం పడుకోట్లేదా” అన్నాడు. ఆ తరవాత నా బండి అతని కొట్టు ముందు నుంచి వెళ్లిందే తప్ప అక్కడ ఆగలేదు.

ఇక నా బండి నేనే చూసుకోవాలి. నేను కిందికి వంగకూడదు కాబట్టి బండే పైకి రావాలి. ఇందులో నవ్వాల్సింది ఏముందో నాకిప్పటికీ తెలీదు.

కానీ ఇంట్లో లిఫ్టు పెట్టిస్తున్నానని చెప్పగానే వీధంతా నవ్వింది. వాళ్లకు లిఫ్టంటే మేడల్లో మనుషులను పైకి తీసుకెళ్లేది. మాది పెంకుటిల్లు. ఎదురింటాయన వచ్చి పైన ఎన్ని అంతస్తులు వేస్తున్నారని నిజంగానే అడిగారు. మా బావకు ఇది బాగా దొరికింది. బావంటే మా అక్క భర్త, కృష్ణదేవిపేటలో వరి పండిస్తాడు. ఆదివారం ఆరాధన అయ్యాక గుడి ముందు పదిమందిలో నిలబడి, “మా బామ్మర్ది లిఫ్టెట్టిస్తన్నాడు. అటక మీద ఆవకాయ జాడీ దింపుకోడానికి మా సెల్లికి నిచ్చెన ఎక్కనక్కర్లేదు” అన్నాడు. పాస్టరుగారు కూడా నవ్వారు. నేను అది కూడా మనసులో రాసుకున్నాను.

విశాఖపట్నం వెళ్లి ఒక పనిముట్ల కొట్లో అడిగాను. కొట్టాయన కుర్చీలోంచి లేవలేదు. నా చెప్పులు చూసి, ఇంటికా అన్నాడు. మూడు రకాలు చూపించాడు. ఒకటి వెనక చక్రాన్ని మాత్రమే ఎత్తే స్టాండు. చైను తుడుచుకోడానికి సరిపోతుంది గాని, దానితో నా నడుముకు ఒరిగేదేమీ లేదు, వంగక తప్పదు. రెండోది మర తిప్పితే కత్తెరలాగా తెరుచుకుంటూ ఇంజను అడుగు నుంచి ఎత్తేది. చూడ్డానికి బాగుంది. కానీ నా బండి అడుగు చదునుగా ఉండదు, ఒక పక్క సైలెన్సరు గొట్టం అడ్డం వస్తుంది. పీట ఇరుకు, బండి వెడల్పు. మంచం కోడు మీద గుమ్మడికాయ నిలబెట్టినట్టే. కొనేవాడు తన బండి అడుగున ఏముందో ముందు చూసుకోవాలి, కొట్లో ఏముందో తరవాత చూడాలి.

మూడోది పొడవాటి ఇనపబల్ల. బండిని దొర్లించుకుంటూ ఎక్కించి, ముందు చక్రాన్ని బిగించి, కాలితో తొక్కితే నూనె జాకీ బల్లను మొత్తంగా లేపుతుంది. నాకు కావలసింది అదే. ఒక్క ప్రశ్న అడిగాను. నూనె కారిపోతే బల్లను ఏది ఆపుతుంది? దిగదండీ అన్నాడు. దిగదని నాకూ ఆశ ఉంది, దిగితే అన్నాను. అతను ఇంకో బేరం వైపు తిరిగాడు. మా ల్యాబులో ఒక నూనె ప్రెస్సు ఉండేది. బరువు పెట్టి వెళ్తే మర్నాటికి బెత్తెడు దిగి ఉండేది. అది చూసినవాణ్ణి నేను. ఎత్తేది వేరు, మోసేది వేరు. జాకీ ఎత్తాలి, ఇనుము మొయ్యాలి. ఈ తేడా చెప్పలేనివాడి దగ్గర లిఫ్టు కొనకూడదని వట్టిచేతులతో తిరుగు బస్సెక్కాను.

చోడవరం రోడ్డులో ఒక వెల్డింగు షాపతనికి బొమ్మ గీసిచ్చి చేయించాను. బల్లకు ముందు వైపు పాత లారీ జాకీ. వెనక వైపు ఇనప స్తంభం. స్తంభానికి వరసగా రంధ్రాలు. బల్లను కావలసిన ఎత్తుకు లేపి, ఆ ఎత్తులో ఉన్న రంధ్రంలో పిన్ను దూర్చి, జాకీ మర కొద్దిగా వదిలితే బల్ల పిన్ను మీద కూర్చోవాలి. బొమ్మలో ఆ చోట ‘ఇక్కడ గట్టి లాకు’ అని రాశాను. వారం తరవాత వెళ్తే బల్ల తయారుగా ఉంది. లాకు దగ్గర తలుపుకు పెట్టే గొళ్లెం, కొక్కెం అతికి ఉన్నాయి. “మంచి తాళంకప్ప ఎయ్యండి, ఏ దొంగా ముట్టుకోడు” అన్నాడతను. నాకు కోపం వచ్చింది. కానీ న్యాయంగా చెప్పాలంటే, అందరిలోకీ నా మాట చివరిదాకా విన్నది అతనొక్కడే. విని, గొళ్లెం కోసేసి, బొటనవేలంత లావు ఉక్కు పిన్ను చేశాడు. అది ఎక్కడో పడిపోకుండా స్తంభానికి గొలుసుతో కట్టాలన్నది కూడా అతని ఆలోచనే.

ఆ తాళంకప్ప దగ్గరే నేను ఒక పాఠం నేర్చుకుని ఉండాల్సింది. మాట ఒకటే ఉంటుంది, వినేవాడు తనకు తెలిసిన అర్థమే తీసుకుంటాడు. అప్పుడు నేర్చుకోలేదు.

ఇంటి పక్క రేకుల షెడ్డులో నేల సిమెంటు చేయించాను. వాన నీళ్లు పోవడానికి వాలు పెడతానన్నాడు మేస్త్రి. వద్దన్నాను. లిఫ్టు కింద వాలు ఉండకూడదు, నీళ్లు ఎలా పోవాలో నీళ్లే చూసుకుంటాయి. బండి ఎక్కించే ముందు బల్ల మీద బియ్యం బస్తాలు పెట్టాను, బండి బరువుకు రెండింతలు. పైకి లేపి, పిన్ను వేసి, ఒక రోజంతా అలా ఉంచాను. ఆ రోజు వంటకు మా ఆవిడ ఎదురింటి నుంచి బియ్యం తెచ్చింది. ఆ మాట ఇప్పటికీ అంటుంది. మర్నాడు కొలిస్తే బల్ల వెంట్రుకవాసి దిగలేదు.

గోడ మీద ఎనామిల్ రంగుతో నాలుగు వాక్యాలు రాశాను. గట్టి నట్లు నేల మీదే వదులు చేసుకో, పైకెత్తాక బలంగా లాగకు. ముందు చక్రాన్ని బిగించి, బండిని రెండు పక్కలా బెల్టుతో కట్టు. బల్ల కింద చెయ్యీ కాలూ పెట్టకు. నాలుగోది: పిన్ను పడిందా అని అడిగి, పడింది అన్నాకే జాకీ వదులు.

రెండేళ్లు ఆ లిఫ్టు చిన్న పేచీ కూడా పెట్టలేదు. నిటారుగా నిలబడి, ఎదురుగా ఛాతీ ఎత్తులో ఇంజను పెట్టుకుని పనిచేసేవాణ్ణి. నడుము నొప్పి మళ్లీ రాలేదు. అటక మీద జాడీ అన్న బావే తన బండి తోలుకుని రావడం మొదలుపెట్టాడు. వాళ్ల ఊరి రోడ్డు మట్టి చైనులో గడ్డకట్టేది. నా లిఫ్టు మీద తన బండి పెట్టుకుని, వీధిలో ఆగిన షేర్ ఆటో డ్రైవర్లకు చూపించి, “మా బామ్మర్ది బుర్ర ఇది” అనేవాడట. నా ఎదురుగా ఎప్పుడూ అనలేదు. వేరేవాళ్లు చెబితే తెలిసింది.

ఆ ఆదివారం బావ, అక్క ఆరాధన అయ్యాక మా ఇంటికి వచ్చారు. మా ఆవిడ వంటింట్లో మసాలా మిక్సీ పడుతోంది, అక్క ఉల్లిపాయలు కోస్తోంది. మేమిద్దరం షెడ్డులో బావ బండి బల్ల మీదికెక్కించాం. మొదటి నియమం ప్రకారం బల్ల లేపకముందే చైను కవరు నట్టు వదులు చెయ్యమన్నాను. బావ వదులు చెయ్యడం కాదు, పూర్తిగా ఊడదీసి బల్ల అంచున పెట్టాడు. అది నేను చూడలేదు.

నేను ముందు వైపు జాకీ దగ్గర. బావ వెనక వైపు పిన్ను దగ్గర. మధ్యలో బండి. మామూలుగా ఒక్కణ్ణే అయితే ఎత్తి, చుట్టూ తిరిగి వెళ్లి, పిన్ను నా చేత్తో వేసి, నా కళ్లతో చూసి వచ్చేవాణ్ణి. ఆ రోజు బావ అక్కడే ఉన్నాడని వెళ్లలేదు. నూనె జాకీ కొట్టాను, ముందుగా అడుగున ఉన్న మొదటి రంధ్రానికి సరిపడా లేచింది.

“పడిందా?” అన్నాను.

“పడ్డాది, పడ్డాది” అన్నాడు.

జాకీ మర పావు చుట్టు తిప్పాను. నేనెప్పుడూ పావు చుట్టు కంటే ఎక్కువ తిప్పను. బల్ల రెండంగుళాలు దిగింది. బావ కేక వేశాడు. ఆ క్షణంలోనే మర బిగించి రెండుసార్లు పైకి కొట్టాను. బావ ఉంగరపు వేలు బల్లకూ స్తంభం అడుగుపట్టీకీ మధ్య నలిగి బయటికొచ్చింది. పూర్తిగా వదిలే అలవాటున్న చెయ్యి అయితే ఆ పూట బావ చెయ్యే పోయేది. ఈ ముక్క ఎవరూ తలుచుకోరు.

వేలు అప్పుడే ఉబ్బుతోంది. దానికి పెళ్లి ఉంగరం ఉంది. ఆసుపత్రికి వెళ్లే దారిలో కంసాలి కొట్టు దగ్గర ఆగి ఆ ఉంగరం కత్తిరించాల్సి వచ్చింది. ఆదివారం కొట్టు మూసి ఉంటే ఇంట్లోంచి పిలిచాం. కత్తెర పడినప్పుడు అక్క ముఖం నేను చూశాను. వేలి ఎముక విరిగిందనీ, అతుకుతుంది గాని కొంచెం వంకర ఉంటుందనీ ఆసుపత్రిలో చెప్పారు.

కట్టు కట్టించుకుని వరండాలోకి వచ్చాక అక్క నా దగ్గరికొచ్చింది.

“అడక్కుండా వదిలేసినావంట కదరా.”

“అడిగానే. పడిందా అంటే పడ్డాదన్నాడు.”

“ఆయన సెప్తన్నాడు నువ్వు అడగలేదని. వేలు ఇరిగినోడు అబద్ధమాడతాడా?”

బావ వంక చూశాను. బావ కట్టు వంక చూసుకుంటున్నాడు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి షెడ్డులోకి వెళ్లాను. ఏదీ కదపలేదు. పిన్ను గొలుసుకు వేలాడుతోంది, రంధ్రంలోకి వెళ్లనే లేదు. బల్ల కింద, సరిగ్గా బావ చెయ్యి ఉన్నచోట, చైను కవరు నట్టు ఉంది. అక్కడ నిలబడే నాకు మొత్తం అర్థమైంది. బల్ల లేస్తుంటే అంచున ఉన్న నట్టు కింద పడింది. నేను పిన్ను గురించి ‘పడిందా’ అన్నాను. బావ నట్టు గురించి ‘పడ్డాది’ అన్నాడు. అని, దాన్ని తియ్యడానికి బల్ల కింద చెయ్యి పెట్టాడు. మన తెలుగులో లాకు పడినా పడిందే, నట్టు పడినా పడిందే, ఆడమనిషి పడినా పడిందే. మెకానిక్కు దగ్గర రోజుకు వందసార్లు వినిపించే మాట. దాన్ని నేనే తెచ్చి గోడ మీద నాలుగో నియమంగా రాశాను.

అంటే నా తప్పు లేదని నేను అనడం లేదు. ఉంది. కళ్లతో చూడాల్సినదాన్ని చెవితో విన్నాను. రెండు అర్థాల మాటను లాకుగా పెట్టుకున్నాను. ఆ వారంలోనే నాలుగో వాక్యం చెరిపేసి కొత్తది రాశాను: ‘అడగకు. వెళ్లి చూడు.’ ఆరేళ్లుగా ఆ గోడ మీద ఉంది. మా ఇంటికి వచ్చిన ఒక్కరూ అది చదివి, ఇది ఎందుకు మార్చావని అడగలేదు.

కానీ తప్పు చెయ్యడం వేరు, అడగకుండా వదిలేశానని మాట పడడం వేరు. ఒకటి పొరపాటు. రెండోది నిర్లక్ష్యం. నిర్లక్ష్యం నా ఒంట్లో లేదు. బియ్యం బస్తాలతో పరీక్ష చేసినవాణ్ణి నేను.

సాక్ష్యం కోసం మా ఆవిణ్ణి అడిగాను. మిక్సీ తిరుగుతోంది, కేక తప్ప ఏదీ వినపడలేదంది. ఆవిడ అబద్ధం చెప్పదు. చెప్పి ఉంటే బాగుండునని ఒక్కోసారి అనిపిస్తుంది.

అప్పటి నుంచి అక్క మా గడప తొక్కలేదు. ప్రతి క్రిస్మస్‌కు నర్సీపట్నం గుడికి వస్తుంది, ఆడవాళ్ల వైపు కూర్చుంటుంది, మా ఆవిణ్ణి పలకరిస్తుంది, షేర్ ఆటో ఎక్కి వెళ్లిపోతుంది. నా చిన్నప్పుడు అమ్మ పొలం పనికి వెళ్తే నాకు అన్నం కలిపి పెట్టిన అక్క అది. మొదటి క్రిస్మస్‌కు మా ఆవిడ క్యారేజీ నిండా బిర్యానీ పెట్టి వాళ్లూరు పంపింది. మూడు రోజుల తరవాత క్యారేజీ తిరిగొచ్చింది. శుభ్రంగా కడిగి ఉంది. నాలుగు గిన్నెలూ ఖాళీ. మా వైపు గిన్నె ఖాళీగా తిప్పి పంపరు. ఏమీ లేకపోతే పిడికెడు పంచదారైనా వేస్తారు. ఆ నాలుగు గిన్నెలు మూతలు తీసి చూసినప్పుడు నా నడుము నొప్పి కంటే పెద్ద నొప్పి ఏమిటో తెలిసింది.

ఆ లిఫ్టు పాత ఇనుముకు అమ్మెయ్యరా, అక్క వస్తుంది అన్నారు పెద్దలు. అమ్మను. అమ్మితే తప్పు లిఫ్టుదేనని నేను ఒప్పుకున్నట్టు. ఇప్పటికీ నెలకోసారి బండి ఎక్కిస్తాను, పిన్ను నా చేత్తో వేస్తాను, కళ్లతో చూస్తాను, పావు చుట్టు తిప్పుతాను. అది ఎన్నడూ నన్ను మోసం చెయ్యలేదు.

బావ మాత్రం నాతో మాట్లాడతాడు. సంతకు వచ్చినప్పుడు టీ తాగుదాం రమ్మంటాడు. పోయిన ఏడాది టీ కొట్టు దగ్గర సూటిగా అడిగాను, ఆ రోజు నేను అడగలేదా అని. వంకర వేలితో గ్లాసు పట్టుకుని టీ ఊదుకుంటూ నవ్వాడు.

“వేలు నాది, నొప్పి నాది. నీకేటి నొప్పి బామ్మర్దీ?”

“అక్క రావట్లేదు. అదీ నొప్పి.”

అప్పుడు నవ్వడం మానేశాడు. “ఆ రోజు మంట మీద ఏదో సెప్పీసినాను. మీ అక్క అదే పట్టుకున్నాది. ఇప్పుడు మారిస్తే ఇన్నేళ్లూ నాను అబద్ధమాడినట్టు అవుద్ది కదా. వదిలెయ్యి.” గ్లాసు పెట్టేసి, ఆటో పోతుందంటూ బేగి బేగి నడిచాడు.

వదలను. పావు చుట్టు కూడా వదలను.

ఆ నట్టు నా దగ్గరే ఉంది, మందుల డబ్బాలో దూది మీద పెట్టి ఉంచాను. ఈ కాగితాలు మడిచి దానితో పాటు క్యారేజీ పై గిన్నెలో పెట్టి కృష్ణదేవిపేట పంపుతున్నాను. మిగతా మూడు గిన్నెల్లో మా ఆవిడ అరిసెలు పెట్టింది. అక్క చదువుతుంది, నాకు తెలుసు. చదివాక బావను పక్కన కూర్చోబెట్టుకుంటుంది, అదీ తెలుసు.

బావా, నిన్ను దొంగను చెయ్యాలని నాకు లేదు. నట్టు గురించి అన్నానని చెబితే నువ్వు అబద్ధమాడినట్టు కాదు, మనిద్దరం ఒకే మాటను చెరో అర్థంతో విన్నట్టు. అంతకంటే నాకేమీ అక్కర్లేదు. ఇప్పుడు అక్క వింటుండగా చెప్పు. నేను ‘పడిందా’ అని అడిగానా, లేదా? నువ్వు ‘పడ్డాది’ అన్నది పిన్ను గురించా, నట్టు గురించా?